మధురవాణి ఇంట్లో అమ్ముడుపోయేది ఏమిటి?

కన్యాశుల్కం మీద మనవాళ్ళు రాసిన విమర్శ తక్కువేమీ కాదు. అందులో మధురవాణికి దక్కిన భాగం మరీ ఎక్కువ. వేశ్యగా ఉండి కూడా ఆమె అంత ఉదాత్తంగా ఎలా ప్రవర్తించింది, ఆ సంస్కారం ఎక్కణ్ణించి వచ్చింది, అలాంటి వేశ్య లోకంలో ఉంటుందా ఉండదా అన్న చర్చ తరాలుగా సాగుతూనే ఉంది. ప్రశ్నలన్నీ ఆమె మీదే. ఆమె ఇంటికొచ్చే మగవాళ్ళను అడిగిన ప్రశ్నలు బహు కొద్ది. గిరీశం ఎందుకు వెళ్ళాడు? రామప్పంతులు ఆమెను విజయనగరం నుంచి తెచ్చి తన ఊళ్ళో ఎందుకు పెట్టుకున్నాడు? “ఎందుకేమిటి, అందరూ ఎందుకు వెళ్తారో అందుకే” అని నవ్వేసి ఊరుకుంటాం. ఆ నవ్వు దగ్గరే ఆగిపోవడం వల్ల నాటకంలో సగం మన కంట పడలేదని నా అభిప్రాయం.

డబ్బిచ్చి స్త్రీ సాంగత్యం కొనుక్కునే మగవాడు కేవలం శరీరం కోసమే వస్తాడనుకుంటే, ఆ బేరం ఘడియలో ముగిసిపోవాలి. మధురవాణి ఇంట్లో అది ముగియదు. నాటకం పొడుగునా ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారో ఓపిగ్గా చూడండి. కూచుని మాట్లాడతారు. తమ ఘనత చెప్పుకుంటారు. పాట వింటారు. అలుగుతారు, ఆమె అలిగితే బతిమాలుకుంటారు. పేకాడతారు. ఆమె చురక వేస్తే అది చురకని సగం తెలిసీ ముచ్చటపడతారు. రామప్పంతులైతే తన వ్యవహార దక్షత గురించి, కోర్టు ఎత్తుల గురించి చెప్పుకోవడానికే ఆమెను పోషిస్తున్నాడా అనిపిస్తుంది. ఊళ్ళో అతని తెలివికి భయపడేవాళ్ళున్నారు గాని మెచ్చుకునేవాళ్ళు లేరు. మెప్పు ఒక్క చోటే దొరుకుతుంది. దానికి అతను నెలనెలా కడుతున్నాడు.

అంటే అక్కడ జరిగే వ్యాపారంలో ప్రధానమైన సరుకు వినే చెవి, బదులు పలికే మనసు. ఇవి మనిషికి ఊరికే దొరకవలసినవి కదా, కొనుక్కోవలసిన అవసరం ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు మధురవాణి ఇంట్లో వెతికితే దొరకదు. లుబ్ధావధాన్లు ఇంట్లో, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో వెతకాలి.

1897లో వచ్చిన మొదటి ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో కొన్ని అంకెలున్నాయి. విశాఖపట్నం జిల్లాలో సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళ కాలంలో జరిగిన శుల్క వివాహాల పట్టీని విజయనగరం మహారాజా వారు తయారు చేయించారు. సొమ్ము పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరికీ ఇష్టం ఉండదు కనక ఆ పట్టీ సంపూర్ణం కాదని గురజాడే చెప్పాడు. అయినా అందులోకెక్కిన పెళ్ళిళ్ళు 1034. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది నిండినవాళ్ళు ముగ్గురు. ఆ చంటిపిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఇంకా తల్లి కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదుర్చుకునేవారట.

ఈ అంకెలను మనం ఆడపిల్లల దుఃఖానికి సాక్ష్యంగా చదువుతాం. చదవవలసిందే. ఐతే వాటికి ఇంకో వైపు కూడా ఉంది. ఐదేళ్ళ పిల్లను కొనుక్కున్న మగవాడికి ఆ ఇంట్లో తోడు ఎవరు? ఆ పిల్ల కాపురానికొచ్చేనాటికి చదువు చెప్పినవాళ్ళుండరు, లోకం చూపించినవాళ్ళుండరు. అత్తగారి ఎదట మొగుడితో మాట్లాడటమే తప్పు. పగలు భర్త మొహం చూడటం సిగ్గుమాలినతనం. వంట, మడి, పురుడు, చాకిరీ ఆమె వంతు. ఇంత కట్టుదిట్టంగా భార్య నోరు నొక్కిన తరవాత ఆ ఇంట్లో మొగుడితో మాట్లాడేందుకు ఎవరూ మిగలరు. ఇలా స్త్రీని రెండు ముక్కలు చేశారు. ఒక ముక్కకు వంశం, వారసత్వం, మౌనం. రెండో ముక్కకు చదువు, సంగీతం, చమత్కారం, సంభాషణ. మొదటిది ఇంట్లో, రెండోది వీధి చివర. రెండింటికీ ధర ఉంది.

కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం ఎలా పుట్టాయో వివరిస్తూ 1884లో ఎంగెల్స్ రాసిన పుస్తకంలో ప్రాచీన ఏథెన్సు గురించి ఇలాంటి సంగతే చెప్పాడు. అక్కడా భార్య ఇంట్లో బందీ. కబుర్లకూ, కళలకూ, మేధకూ పేరు పడ్డవాళ్ళు బయట ఉన్న వారకాంతలు. ఆస్తి తన బిడ్డకే చెందాలన్న పట్టుదలతో ఏర్పడ్డ దాంపత్యం తన పక్కనే వేశ్యావృత్తిని నీడలా వెంటబెట్టుకొచ్చిందని ఆయన వాదం. గురజాడ ఎంగెల్సును చదివాడని నేననను. చూసినదాన్ని సరిగా చూసినవాడికి అదే కనపడుతుంది. ఈ నాటకానికి ఆయన పెట్టిన పేరు చూడండి. కథ నడిపేది వేశ్య ఐనా, పేరులో ఉన్న శుల్కం మాత్రం గౌరవనీయుల ఇళ్ళలో పుచ్చుకునేది. సంస్కృతంలో శుల్కమన్న మాటకు సుంకం, కన్యకు కట్టే వెల, వేశ్యకిచ్చే వెల అని అర్థాలన్నీ ఉన్నాయి. భాషకు ఆ మొహమాటం లేకపోయింది.

ఇంట్లో భార్య లేకపోతే ఊళ్ళో స్నేహితులు లేరా, బంధువులు లేరా అని అడగవచ్చు. ఉన్నారు. అక్కడే చిక్కు. మన సమాజంలో ప్రతి సంబంధమూ ఒక ఖాతా. అన్నదమ్ముడికి కష్టం చెప్పుకుంటే పంపకాలనాడు దాన్ని వాడతాడు. బావమరిది దగ్గర బలహీనత బయటపెడితే అత్తవారింట్లో పలచనవుతాం. కులంవాడికి చెబితే కులమంతా తెలుస్తుంది. పై అధికారికి, కింది నౌకరుకు చెప్పుకోలేము. పూటకూళ్ళమ్మ కథే తీసుకోండి. ఆమె గిరీశానికి కూడు పెట్టింది, అతణ్ణి చేరదీసింది, సొమ్మిచ్చింది. అంచేత ఆమెకు అతని మీద హక్కుంది. ఆ హక్కు చీపురుకట్ట పట్టుకుని మధురవాణి గదిలోకొచ్చేసరికి గిరీశం మంచం కిందికి దూరాడు. అప్పటికే అక్కడ రామప్పంతులున్నాడు. ఆ దృశ్యం చూసి మనం కడుపుబ్బ నవ్వుతాం గాని, ఊరికే పెట్టినదానికి ఒక బాధ్యత అంటుకుని ఉంటుందనీ, దాన్నించి తప్పుకోవడానికే మగవాడు వెల కట్టే చోటికి పోతాడనీ గురజాడ అక్కడ చూపించాడు.

డబ్బు చేసే పని ఇదే. బాకీని అక్కడికక్కడ తీర్చేస్తుంది. వెల ఇచ్చాను కనక నేను నీకు రుణపడి లేను. నేను నీతో చెప్పినదాన్ని రేపు నువ్వు నా మీదికి తేలేవు. నా గోడు నువ్వు వినాలి, నీ గోడు నేను విననక్కర్లేదు. ఈ చివరి మాట నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. స్నేహంలోనూ దాంపత్యంలోనూ వినడం వంతులవారీగా జరుగుతుంది. ఇక్కడ ఒక వంతును కొనుగోలుదారు ఎగ్గొడతాడు. ప్రేమను ప్రేమతోనే, నమ్మకాన్ని నమ్మకంతోనే మారకం చెయ్యగలమని మార్క్సు 1844 నాటి రాతప్రతుల్లో వాదించింది ఈ విషయాన్నే. మనిషి తన వంతు ఇవ్వకుండా తెచ్చుకోవాలనుకున్నప్పుడు డబ్బు మధ్యకొస్తుంది.

ఐతే కొనుక్కున్నవాడికి తృప్తి ఉంటుందా అంటే ఉండదు. కొన్నట్టు గుర్తుండకూడదని అతని కోరిక. వెల పుచ్చుకుంటూనే ఆమె వెల కోసం కాకుండా తన కోసం నవ్విందనుకోవాలి. అందుకే మన సాహిత్యంలో డబ్బు కాలదన్ని పేదవాణ్ణి ప్రేమించిన వేశ్యలు అంతమంది. మృచ్ఛకటికంలో వసంతసేన దరిద్రుడైన చారుదత్తుణ్ణి వలచింది. శరత్ నవలలో చంద్రముఖి తాగుబోతు దేవదాసు కోసం సర్వం వదులుకుంది. 1953లో ఆ కథ మన తెరమీదికొచ్చినప్పుడు జనం ఏడ్చిన ఏడుపు సామాన్యమైంది కాదు. ఇవి గొప్ప పాత్రలు కావని నేననడంలేదు. కాని వాటిని కన్నది కొనుగోలుదారు కల. మధురవాణి ఆ కలలో ఇమడదు. ఆమెకు గిరీశం మీద ఇష్టం లేకపోలేదు, అయినా అతని కోసం సన్యసించలేదు. రామప్పంతులుతో వేళాకోళమాడుతూనే తన కంటె తనకు రావలసిందేనని పీకమీద కూచుంది. నగ విషయంలో అంత నిక్కచ్చిగా ఉండటం ఆమె ఉదాత్తతకు మచ్చ అనుకునేవాళ్ళున్నారు. కూలి విషయంలో నిక్కచ్చిగా ఉన్న కార్మికుణ్ణి మనం అలా అనం.

కూలి అన్నమాట ఆలోచించే వాడాను. ఆమె చేసేది పని. ఎదటివాడి గొప్పలకు ఆశ్చర్యపోవడం, విసుగు మొహంమీద కనపడనివ్వకపోవడం, నిన్న చెప్పిన కథే ఇవాళ కొత్తగా వినడం, ఎప్పుడు అలగాలో ఎంత సేపు అలగాలో లెక్కగట్టుకోవడం. ఇదంతా శ్రమ. అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో వెలువరించిన పుస్తకంలో విమానాల్లో ప్రయాణీకులకు సేవ చేసే స్త్రీలను, బాకీలు వసూలు చేసే ఉద్యోగులను పరిశీలించి, జీతం కోసం తమ భావాలను మలచుకునే ఈ పనికి భావశ్రమ అని అర్థం వచ్చే పేరు పెట్టింది. నవ్వు కూడా యజమాని సొత్తైనప్పుడు ఆ మనిషికి తన నవ్వు ఏదో, ఉద్యోగపు నవ్వు ఏదో తెలియని స్థితి వస్తుందని ఆమె చూపించింది. వేశ్య ప్రేమ నటన అని మన నీతిశాస్త్రాలు ఎంత దుమ్మెత్తిపోశాయో! ఆ నటనను కోరినదెవరు, దానికి సొమ్ము కట్టిందెవరు అని మాత్రం అవి అడగలేదు.

ఈ శ్రమ చేసినవాళ్ళ గొంతు మన సాహిత్యంలో లేకపోలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. రాధ తాను పెంచిన ఇలను తానే కృష్ణుడికిచ్చి పెళ్ళిచేసి, తరవాత విరహంతో, కోపంతో తపించిపోతుంది. కృష్ణుడొచ్చి ఆమెను బతిమాలి ఓదార్చాలి. కావ్యం పేరే ఓదార్పు. మగవాళ్ళను ఓదార్చడం వృత్తిగా ఉన్న స్త్రీ, తన కావ్యంలో ఓదార్చే పని మగవాడికి అప్పగించింది. దాన్ని బూతు అన్నవాళ్ళు ఈ సంగతి పట్టించుకున్నట్టు లేదు. వీరేశలింగంగారంతటివారు ఆంధ్ర కవుల చరిత్రలో ఆమెను తీవ్రంగా నిందించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే మరుసటి సంవత్సరం ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని నిషేధం తొలగలేదు. నాగరత్నమ్మది కూడా ఆ కులవృత్తిలో పుట్టిన జీవితమే.

సంస్కర్తల సంగతి వేరే చెప్పాలి. నాచ్ వ్యతిరేక ఉద్యమం ఎంత అవసరమో నాకు తెలుసు. పసిపిల్లలను గజ్జె కట్టించి ఆ వృత్తిలోకి దింపడం ఆగవలసిన అన్యాయం. దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన చట్టం వెనక స్త్రీల పోరాటమే ఉంది. కాని ఉద్యమంలో పాల్గొన్న పెద్దమనుషుల్లో చాలామందికి శత్రువు ఆ స్త్రీయే అయింది. సౌజన్యారావు పంతులు వేశ్య మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆయన మంచివాడు, అందులో అనుమానం లేదు. లుబ్ధావధాన్లులాంటి పిల్ల కొనుగోలుదారు మొహం మాత్రం చూస్తాడు, అతని కేసు నెత్తిన వేసుకుని నిద్ర లేకుండా తిరుగుతాడు. గురజాడ వ్యంగ్యం ఇంత మెత్తగా ఉంటుంది కనకే చాలామందికి గుచ్చుకోలేదు.

కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణిని దీని పక్కన పెట్టి చూడండి. వేశ్యాలోలత్వాన్ని ఖండించడానికే ఆయన రాశారు. ఊరూరా దశాబ్దాలపాటు ఆడిన నాటకం. కాని అందులో సంసారాలు కూలిపోవడానికి కారణం ఆ ఇల్లు, ఆ తల్లి, ఆ కూతురు. బిల్వమంగళుడి ఇల్లు ఎందుకంత వెలితిగా ఉందో నాటకం లోతుగా అడగదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధానికి దారితీసిన అభ్యంతరం సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసింది. వాళ్ళ బాధ వాళ్ళది, దాన్ని తీసిపారెయ్యను. ఇన్నేళ్ళ ప్రదర్శనలకు చివర ప్రభుత్వం దాకా వెళ్ళిన ఆ అభ్యంతరం కొనుగోలుదారు పాత్ర గురించి గాని చింతామణి పాత్ర గురించి కాకపోవడం గమనించదగ్గ విషయం.

ఇప్పటి మాటకొద్దాం. ఐదేళ్ళ పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యడం పోయింది. శుల్కం తిరగబడి కట్నమైంది. భార్యలు చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మాట్లాడే మనిషి ఇంట్లోనే ఉన్నప్పుడు సాంగత్యం కొనడం ఆగిపోవాలి కదా? ఆగలేదు. రూపం మారింది. ఒకప్పుడు పత్రికల చివరి పేజీల్లో స్నేహం పేరుతో చిన్న ప్రకటనలు వచ్చేవి. వాటిని నమ్మి సభ్యత్వ రుసుం కట్టి మోసపోయినవాళ్ళ వార్తలు అవే పత్రికల లోపలి పేజీల్లో వచ్చేవి. ఇప్పుడు చేతి ఫోనులో నిమిషానికి ఇంత అని కట్టి ఆడగొంతుతో మాట్లాడే ఏర్పాట్లున్నాయి. కట్టినదాంట్లో కొంత ఆ అమ్మాయికి, మిగతాది కంపెనీకి. అక్కడ శరీరం లేదు, కొన్నిచోట్ల మొహం కూడా కనపడదు. గొంతు, వినికిడి, “తిన్నావా?” అన్న పలకరింపు. ఇవే సరుకు. నిమిషాల లెక్కన అమ్ముతున్నారు. మధురవాణి ఇంట్లో పాటతో, అందంతో, తాంబూలంతో కలగలిసి ఉన్నదాన్ని పెట్టుబడి విడదీసి, తూచి, ధర కట్టింది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు అసలు దేనికోసం వచ్చారో అనుమానం ఉన్నవాళ్ళకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కొనేవాళ్ళలో ఎవరున్నారు? పల్లె వదిలి వచ్చి అద్దెగదిలో నలుగురితో సర్దుకునే కూలివాడు, నెలల తరబడి రోడ్డుమీదుండే లారీ డ్రైవరు, కరీంనగరం, నిజామాబాదు నుంచి గల్ఫు దేశాలకు పోయి రెండేళ్ళకొకసారి ఇంటి మొహం చూసేవాడు. వీళ్ళను ఇంటినుంచి విడదీసింది బతుకుతెరువు. వీళ్ళు ఇంటికి ఫోను చెయ్యరా అంటే చేస్తారు. ఆ మాటల్లో అప్పు వాయిదా, పిల్ల ఫీజు, కప్పు కారుతున్న సంగతి ఉంటాయి. నాకు దిగులుగా ఉందని చెబితే అక్కడ అన్నం మానేస్తారు. అంచేత చెప్పరు. ఇంట్లోనే ఉన్న మధ్యతరగతి మగవాడి మౌనం ఇంకో రకం. అతనికి మాటలు నేర్పలేదు. మా బడుల్లోనే చూడండి. ఏడుస్తున్న కుర్రవాణ్ణి “ఆడపిల్లలా ఏడుస్తావేం” అని మందలించని ఉపాధ్యాయులు ఎందరు? ఇలా పదేళ్ళు బిగించిన నోటిని పెళ్ళిపీటల మీద ఎవరూ విప్పలేరు. పెళ్ళినాటికే కట్నం బేరంలో ఆ ఇద్దరూ సరుకులై ఉంటే విప్పుకోవాలన్న కోరికా ఉండదు.

ఇది మగవాడి జబ్బే అనుకోవడానికి కూడా లేదు. జపానులో, టోక్యో నగరంలోని కబుకిచో పేటలో హోస్టు క్లబ్బులని ఉన్నాయి. అక్కడ సాంగత్యం అమ్మేది యువకులు, కొనేది స్త్రీలు. పొగడ్తకూ ప్రేమకబుర్లకూ విడిగా ధర ఉండదు. అసలు ధరకు ఎన్నోరెట్లు బిల్లు వేసే మద్యం సీసాలో అది కలిసి ఉంటుంది. డబ్బు లేకపోతే అరువు రాసుకుంటారు. ఆ బాకీ తీర్చడానికి కొందరు స్త్రీలు ఒళ్ళమ్ముకునే దాకా వచ్చింది. 2025లో అక్కడి ప్రభుత్వం చట్టం సవరించి, కొనుగోలుదారు ప్రేమభావాన్ని వాడుకుని సొమ్ము గుంజడాన్ని నిషేధించింది. సంపాదన చేతికొచ్చిన స్త్రీ కూడా మాట కొనుక్కోవలసి వస్తోందంటే, వెలితి పుట్టేది ఒంటరి బతుకులోనూ అరవచాకిరీలోనూ అని తెలుస్తోంది. అయినా ఇద్దరి మధ్యా తేడా ఉంది. మగవాడు కొన్నప్పుడు అమ్మిన స్త్రీ చెడిపోయింది. స్త్రీ కొన్నప్పుడు బజారున పడింది మళ్ళీ స్త్రీయే.

మన దేశంలో 2022 మే నెలలో సుప్రీంకోర్టు, ఈ వృత్తిలో ఉన్న స్త్రీలను గౌరవంగా చూడాలని పోలీసులను ఆదేశించింది. ఆదేశం మంచిదే. ఐతే ఫోనులో నిమిషాల లెక్కన వినే అమ్మాయి ఏ చట్టంలోకీ సరిగ్గా రాదు. ఆమె కాల్ సెంటరు ఉద్యోగి కాదు, వేశ్య కాదు, కళాకారిణి కాదు. ఆమెకు పని గంటల లెక్క లేదు, సెలవు లేదు, అవతలివాడు బూతులు తిడితే ఫిర్యాదు చేసుకునే చోటు లేదు. మన కథకులు గల్ఫు వలస మీద, సాఫ్ట్‌వేరు ఉద్యోగాల మీద కథలు రాశారు. చెవి అద్దెకిచ్చి బతికే ఈ కొత్త కార్మికురాలు ఇంకా నాకు కథల్లో పెద్దగా కనపడలేదు.

ఒక విషయం నాటకాలాడించే మిత్రులకు మనవి చేస్తాను. కన్యాశుల్కం చాలా పెద్ద నాటకం, కుదించి ఆడక తప్పదు. కుదించేటప్పుడు కథకు అడ్డమని మొదట కత్తి వేసేందుకు పేకాట దృశ్యం వీలుగా కనపడుతుంది. రామప్పంతులు ఇంట్లో మధురవాణితో కలిసి పోలిశెట్టి, సిద్ధాంతి, భుక్త ముక్కలు పంచుకునే ఆ దృశ్యంలో నిజంగానే కథ పెద్దగా నడవదు. వ్యాపారి, జ్యోతిష్కుడు, బాపనయ్య కులం మరిచి, మడి మరిచి, ఒక ఆడదాని ఎదట ఓడిపోతూ, తగువులాడుతూ, పిల్లల్లా కేరింతలు కొడుతూ కూచుంటారు. వాళ్ళ ఇళ్ళలో ఆ సమయానికి ఏం జరుగుతుంటుందో గురజాడ చూపించలేదు. ఆ దృశ్యాన్ని ఉంచండి. తొందరపడకుండా, ఆట నిజంగా ఆడుతున్నంత సేపూ ఆడించండి.